కెంపేర్ ఫయాన్స్ ఫ్లవర్ వాజ్: హెచ్‌బీ ముద్ర ఉంది, 1780 నాటిదంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?

గోదారి గాజు:
నమస్కారం. ఫ్రాన్స్‌లో బ్రిటనీ ప్రాంతపు కెంపేర్ ఊరిలో తయారైన చేతి చిత్రణ ఫ్లవర్ వాజ్ ఒకటి అమ్మకానికి వచ్చింది. ఎత్తు 31 సెం.మీ., మూతి వెడల్పు 11 సెం.మీ., రెండు పక్కలా చెవులు. ముందువైపు బ్రెటన్ వేషంలో ఒక స్త్రీ, వెనక పూలగుత్తి, మెడ చుట్టూ నీలి చుక్కలు. అడుగున నీలి రంగుతో చేతిరాతలో హెచ్‌బీ, దాని కింద కెంపేర్, ఆ కింద ఒక సంఖ్య. మూతి దగ్గర చిన్న పెచ్చు లేచి లోపలి లేత గులాబీ మట్టి కనబడుతోంది. గ్లేజ్ (పైనున్న గాజు పూత) నిండా సన్నటి వల పగుళ్లు, అడుగు దగ్గర గోధుమ రంగు మరకలు. అమ్మేవారు 1780 నాటిదంటున్నారు. డబ్బు కట్టేముందు ఏమేం చూడాలి?

మట్టి పరీక్ష:
1780 మాట పక్కన పెట్టేయండి. బ్రెటన్ వేషంలో మనిషి బొమ్మ కెంపేర్ పాత్రల మీద మామూలైంది 19వ శతాబ్దం రెండో సగంలో. 1863లో రైలు కెంపేర్ దాకా వచ్చింది, దాంతోపాటే యాత్రికులు, వాళ్లు ఇంటికి పట్టుకెళ్లే జ్ఞాపికలకు గిరాకీ. 18వ శతాబ్దపు కెంపేర్ సరుకు చూస్తే అందులో కనబడేవి నెవేర్, రువాన్ అనే ఫ్రెంచ్ ఊళ్ల శైలులే. అక్కడి తొలి కర్మాగారంలోకి బెల్‌వో అనే ఆయన నెవేర్ నుంచి, కోసీ అనే ఆయన రువాన్ నుంచి వచ్చారు మరి. బొమ్మ ఒక్కటే చాలు, అమ్మేవారి తేదీ కనీసం 80 ఏళ్లు ముందుకు జరుగుతుంది.

ఇక పరీక్ష. ముద్ర చూడటం ఆఖరి పని. ముందు వాజ్‌ని మెత్తటి తువ్వాలు మీద బోర్లించి అడుగు అంచు చూడండి. గ్లేజ్ లేని చోట ఒక నీటి చుక్క పెట్టండి. ఫయాన్స్ అయితే మట్టి ఆ చుక్కను కొద్ది క్షణాల్లో పీల్చేస్తుంది. అసలు పింగాణీ పీల్చదు, చుక్క ముత్యంలా నిలబడుతుంది. ఫయాన్స్ అంటే రంగు మట్టి మీద తగరం ఆక్సైడ్ కలిపిన సీసపు గ్లేజ్. తగరం వల్లే ఆ తెలుపు, దాని పని లోపలి మట్టి రంగు కనబడకుండా కప్పడం. అందుకే మూతి దగ్గర పెచ్చు లేస్తే గులాబీయో గోధుమో కనిపిస్తుంది. మీ పెచ్చు ఆ లెక్కకు సరిపోతోంది.

తర్వాత అరుగుదల. నిజంగా వందేళ్లు బల్లల మీద జరిగిన వాజ్‌కి అడుగు అంచు ఒకే తీరుగా అరగదు. బరువు ఒరిగిన వైపు నున్నగా, మిగతా చోట గరుకుగా ఉంటుంది. పాతదనం పూసినవాటికి చుట్టూ ఒకే గోధుమ రంగు, కొంచెం మైనం వాసన. దూదికి స్పిరిట్ అద్ది తుడిస్తే ఆ రంగు దూదికి అంటుకుంటుంది. అసలు మురికి పగుళ్లలోపల ఉంటుంది కాబట్టి అంత సులువుగా రాదు. బట్టీలో పాత్ర కింద ఆనించిన ముక్కల మచ్చలు అడుగున మూడు కనిపిస్తే గోకి తీయకండి, అవి ఉండాల్సినవే.

కుంచె కొస:
మట్టి పరీక్ష గారు చెప్పినదానికి చిత్రణ సంగతి చేరుస్తాను. చేతి చిత్రణ అని రాసిన పాత్రల్లో సగం మోసం జరిగేది ఇక్కడే.

కెంపేర్ పద్ధతి ఇదీ: మట్టి పాత్రను ఒకసారి కాల్చి, గ్లేజ్ నీళ్లలో ముంచి తీస్తారు. ఆరాక పైన తెల్లటి పొడి పొర ఉంటుంది. దాని మీదే రంగు వేస్తారు. సున్నం గోడలా ఆ పొడి కుంచెలోని నీటిని టక్కున లాగేస్తుంది. దిద్దుబాటుకు వీలుండదు. గీత తప్పితే తప్పినట్టే ఉండిపోతుంది. తర్వాత రెండోసారి, 900 డిగ్రీలు దాటిన వేడిలో, గ్లేజ్ కరిగేటప్పుడు రంగు దానిలోకి దిగుతుంది. కాబట్టి వేలితో రాస్తే బొమ్మ తగలకూడదు. గీత అంచు కాస్త మెత్తబడి, కాగితంలోకి ఇంకిన సిరాలా ఉంటుంది.

పూలు ఎలా వేశారో 10 రెట్ల భూతద్దంతో చూడండి. కెంపేర్ పూరేకు ఒక్క ఒత్తుతో పడుతుంది: రంగు నిండిన కుంచె పొట్టను నొక్కి, కొసను లాగి ఎత్తేస్తారు. నొక్కిన చోట రంగు పలచగా పరుచుకుని అంచున చిక్కబడుతుంది, ఎత్తిన చోట ఒకటి రెండు వెంట్రుక గీతలు మిగులుతాయి. ఆకులూ అంతే, కాడ దగ్గర లావుగా మొదలై కొసకు సన్నబడతాయి. పక్కపక్క పూలలో ఏ రెండు రేకులూ ఒకేలా ఉండవు. నాలుగేసి నీలి చుక్కల గుంపులు కూడా చూడండి. చేత్తో పెట్టినవైతే ఒక చుక్క పెద్దది, ఒకటి చిన్నది, ఒక్కోసారి ఒకటి పక్కదాన్ని అంటుకుని ఉంటుంది.

అచ్చు బొమ్మ అయితే భూతద్దంలో వరసగా సన్న చుక్కలు కనబడతాయి. లేదా అతికించిన పొర అంచు వెలుతురుకు ఏటవాలుగా పట్టినప్పుడు మెరుస్తుంది. గుండ్రటి పాత్ర చుట్టూ తిరిగే అంచు పట్టీ కలిసే చోటు వెతకండి. అచ్చులో పువ్వు సగంలో తెగి కలుస్తుంది. చేత్తో వేసినవాళ్లు ఆ చోట ఒక ఆకునో చుక్కనో ఇరికించి సర్దుతారు.

సంగ్రహం హైదరాబాద్:
ముద్రల వరస చెబుతాను. కెంపేర్‌లో మూడు పెద్ద కర్మాగారాలు. హెచ్‌బీ అంటే ఉబోదియేర్, బూస్కే కుటుంబాల పేర్ల మొదటి అక్షరాలు, గ్రాండ్ మెజోన్ అని పిలిచే సంస్థ. పోర్కియే సంస్థది ఏపీ ముద్ర, చిత్రకారుడు ఆల్‌ఫ్రెద్ బో చేరాక పీబీ. మూడోది ఆంరియో, ముందు హెచ్‌ఆర్ ముద్ర. హెచ్‌ఆర్, హెచ్‌బీ రెండూ చూపుకు ఒకేలా ఉన్నాయని గొడవై 1922 నుంచి ఆంరియో కెంపేర్ అని పూర్తి పేరు రాయాల్సి వచ్చింది. 1968లో హెచ్‌బీ, ఆంరియో కలిశాయి.

ఇందులో కొనేవారికి పనికొచ్చేది: కెంపేర్ అన్న ఊరి పేరు లేకుండా ఒట్టి హెచ్‌బీ ఉంటే సాధారణంగా 19వ శతాబ్దం చివరి భాగం. ఊరి పేరు చేరితే ఎక్కువగా 20వ శతాబ్దం. ఒట్టి హెచ్‌ఆర్ కానీ హెచ్‌ఆర్ కెంపేర్ కానీ ఉంటే 1922కి ముందుది. ఆంరియో కెంపేర్ అంటే ఆ తర్వాతిది.

ముద్ర కింద ఉన్న సంఖ్య సంవత్సరం కాదు. అది ఆకారానికో, నమూనాకో, చిత్రకారులకో ఇచ్చిన గుర్తు. అలాగే 1690 అని కనిపిస్తే అది కెంపేర్ ఫయాన్స్ మొదలైనట్టు చెప్పుకునే ఏడాది. పాత్ర పుట్టిన ఏడాదిగా దాన్ని చదవకండి.

డల్లాస్ శారద:
ఇక్కడి పాత సామాన్ల వేలాల్లో ఫ్రాన్స్ అన్న పేరు కూడా రాసి ఉన్నవి బాగా కనిపిస్తాయి. దాని వల్ల తేదీ తెలుస్తుందా? ఇంకొకటి, పీబీ పక్కన చిన్న ఎక్స్ అక్షరం ఉన్న వాజ్ చూశాను. అది పోర్కియే బో పనేనా?

సంగ్రహం హైదరాబాద్:
శారద గారూ, అమెరికా 1890లో తెచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం వల్ల 1891 నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలి. కాబట్టి ఫ్రాన్స్ అని ఉంటే 1891 తర్వాతది అనుకోవడానికి బలం ఉంటుంది. లేకపోతే అంతకు ముందుదని మాత్రం చెప్పలేం. ఫ్రాన్స్‌లోనే అమ్ముకోవడానికి చేసిన వాటికి ఆ అవసరమే లేదు. మేడిన్ ఫ్రాన్స్ అని పూర్తిగా ఉంటే మామూలుగా 20వ శతాబ్దం సరుకు.

ఎక్స్ ఉన్న పీబీ కెంపేర్‌ది కాదు, సార్త్ జిల్లా మాలికోర్న్‌లోని పూప్లార్ పని. బ్రెటన్ బొమ్మలు కాబట్టి చూపుకు పొరబడతాం. దాన్ని నకిలీ అని చిన్నచూపు చూడకండి, మాలికోర్న్ పనితనం చాలా చక్కనిది, దానికంటూ సేకరించేవారున్నారు. మాలికోర్న్ పేరుతో మాలికోర్న్ ధరకు కొంటే తప్పేమీ లేదు. ఉత్తరాన దేవ్ర్ ఊరి ఫూర్‌మెంత్రో కుటుంబం పని కూడా ఇలాంటిదే. వాళ్లు రువాన్, నెవేర్, కెంపేర్ శైలులన్నీ చేశారు. నెవేర్‌లో మోంతాన్యోన్ సంస్థ ముద్ర ఆకుపచ్చ ముడి. పారిస్‌లో సామ్సోన్ సంస్థ 19వ శతాబ్దంలో పాత రువాన్, సేవ్ర్, చైనా పాత్రలన్నిటికీ నకళ్లు చేసింది. మార్సెయ్‌కి చెందిన వితంతువు పెరాన్ వీపీ ముద్ర మీద అయితే అసలు ఆధారపడకండి, దాన్ని లెక్కలేనన్ని సార్లు నకలు చేశారు.

బందరు బాబు:
మార్సెయ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మార్సెయ్, స్ట్రాస్‌బూర్ వాజ్‌ల మీద గులాబీ పూలు నిజమైన గులాబీ రంగులో ఉంటాయి. కెంపేర్, రువాన్‌లో ఆ రంగు కనబడదు ఎందుకు?

కుంచె కొస:
బాబు గారూ, మంచి ప్రశ్న. పచ్చి గ్లేజ్ మీద వేసి పెద్ద వేడిలో కాల్చితే తట్టుకునే రంగులు కొన్నే: కోబాల్ట్ నీలం, మాంగనీస్ ఊదా, రాగి ఆకుపచ్చ, ఆంటిమొనీ పసుపు, ఇనుముతో నారింజ, ఇటుక ఎరుపు. ఎరుపు అందరికీ తలనొప్పే. రువాన్‌వాళ్లు ఇనుము మట్టిని దట్టంగా పెట్టేవారు, అందుకే రువాన్ ఎరుపు మాత్రం వేలికి కాస్త ఎత్తుగా తగులుతుంది. మిగతా రంగులు నున్నగా ఉండి ఎరుపు ఒక్కటే ఉబ్బి ఉంటే కంగారు పడనవసరం లేదు.

బంగారం నుంచి వచ్చే గులాబీ అంత వేడికి నిలవదు. 18వ శతాబ్దం మధ్యలో స్ట్రాస్‌బూర్‌లో పోల్ అనోంగ్ మరో దారి పట్టాడు. పాత్రను గ్లేజ్‌తో సహా ముందే కాల్చేసి, గట్టిపడిన గ్లేజ్ మీద ఎనామెల్ రంగులు వేసి, మూసిన చిన్న బట్టీలో తక్కువ వేడికి మూడోసారి కాల్చడం. గట్టి నేల కాబట్టి తుడిచి దిద్దుకోవచ్చు, నీడలు తేవచ్చు. అందుకే స్ట్రాస్‌బూర్ పూలు మొక్కల పుస్తకంలో బొమ్మల్లా ఉంటాయి. నష్టం ఏమిటంటే ఆ రంగు గ్లేజ్ పైన కూర్చుంటుంది, గీసుకుపోతుంది, పెచ్చులుగా లేస్తుంది. శుభ్రం చేసేటప్పుడు ఈ తేడా తెలియకపోతే పువ్వు గుడ్డకు అంటుకొస్తుంది.

విశాఖ తీరం:
మా దగ్గర బంగారు అంచుల జత ఒకటి ఉంది. అడుగున రెండు ఎల్ అక్షరాలు అల్లుకుని ఉన్నాయి. సేవ్ర్ అనుకోవచ్చా? సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నవాటిలానే మెరుస్తున్నాయి.

సంగ్రహం హైదరాబాద్:
సేవ్ర్ కర్మాగారానిది పింగాణీ, ఫయాన్స్ కాదు, లెక్కే వేరు. 1740లో వాన్సెన్‌లో మొదలై 1756లో సేవ్ర్‌కు మారింది. అల్లుకున్న ఎల్‌ల మధ్య ఏడాదికి గుర్తుగా వేసే తేదీ అక్షరం 1753లో ఏ తో మొదలవుతుంది. ప్రపంచంలో అతి ఎక్కువగా నకలైన ముద్రల్లో ఇదొకటి. ఒక పరీక్ష చేయండి: లిమోజ్ దగ్గర సెంతిరియేలో చైనా మట్టి దొరికాక, 1769 నుంచే సేవ్ర్‌లో గట్టి పింగాణీ మొదలైంది. మీ జత మీద తేదీ అక్షరం 1750ల నాటిదై, ఒళ్లు గాజులా గట్టిగా, చల్లటి తెలుపులో ఉంటే అక్షరం అబద్ధం. 19వ శతాబ్దం మధ్య నుంచి తెల్ల సరుకు మీద గ్లేజ్ కింద ఆకుపచ్చ గుర్తు, అందులో ఎస్, ఏడాది చివరి రెండంకెలు ఉంటాయి. ఆ గుర్తు మీద చక్రంతో కోసిన గాటు ఉంటే కర్మాగారం దాన్ని బొమ్మ వేయకుండా బయటకు అమ్మేసిందని అర్థం. పాత్ర సేవ్ర్‌దే, చిత్రణ బయటివారిది. సాలార్‌జంగ్‌కి వెళ్తే మెరుపు చూడకండి, బంగారు పూత ఎంత మందంగా, దాని మీద చెక్కడం ఎంత లోతుగా ఉందో చూడండి. నకళ్లలో బంగారం పలచగా, ఇత్తడి మెరుపుతో ఉంటుంది.

అతుకు పని:
గోదారి గాజు గారి వాజ్‌కి తిరిగొద్దాం. పాత మరమ్మతు దాచారేమో చూడాలి. చీకటి గదిలో 365 నానోమీటర్ల యూవీ టార్చ్ వేయండి. అసలు గ్లేజ్ అంతా ఒకే ఛాయలో ఉంటుంది. పైన వేసిన రంగు, రెసిన్ మచ్చ వేరుగా వెలుగుతాయి. చెవుల మొదళ్లు, మూతి అంచు, అడుగు, ఈ మూడూ వదలకండి. అనుమానం ఉన్న చోట గాజు కడ్డీ కొసతో మెల్లగా తట్టండి. గ్లేజ్ టిక్కుమంటుంది, రెసిన్ మెత్తగా మూగగా ఉంటుంది. చెంపకు ఆనిస్తే గ్లేజ్ చల్లగా, రెసిన్ వెచ్చగా తెలుస్తుంది.

వేలి కణుపుతో తట్టి మోత వినమని చాలామంది చెబుతారు. పింగాణీకి అది పనిచేస్తుంది. ఫయాన్స్ మోత మొదటే మందం, దాని మీద తీర్పు చెప్పకండి. రెండు చెవులు పట్టుకుని వాజ్ ఎత్తవద్దు, అతుకు ఉంటే చెవి చేతిలోకి వస్తుంది. ఒక అరచెయ్యి అడుగున ఉండాలి.

అడుగు మధ్యలో గుండ్రటి మచ్చ ఉందా? 20వ శతాబ్దంలో ఫ్రెంచ్ వాజ్‌లను విపరీతంగా టేబుల్ దీపాలుగా మార్చారు. తీగ కోసం తొలిచిన రంధ్రాన్ని తర్వాత పూడ్చి అమ్ముతారు. యూవీలో నాణెంలా కనబడుతుంది. లోపల వేలు పెట్టి తడిమినా తెలుస్తుంది. రంధ్రం ఉంటే అందం పోదు కానీ ధర బాగా తగ్గాలి.

బందరు బాబు:
అడుగు మరకలకు బ్లీచింగ్ నీళ్లలో ఓ రాత్రి నానబెడితే పోవా?

అతుకు పని:
వద్దండి, దయచేసి ఆ పని చేయకండి. బ్లీచ్‌లో క్లోరిన్ ఉప్పులు పగుళ్ల గుండా మట్టిలోకి దిగుతాయి. ఆరాక గ్లేజ్ వెనక స్ఫటికాలు కట్టి, కొన్ని నెలలకు గ్లేజ్‌ని పెచ్చులుగా తోసేస్తాయి. ఆ నష్టం తిరిగి రాదు.

చేయదగిన పని ఇలా. ముందు ఎనామెల్ రంగులు, బంగారు పూత, పాత అతుకు లేవని ఖాయం చేసుకోండి. పాత అతుకు జంతు జిగురైతే గోరువెచ్చటి నీటికే విడిపోతుంది. ఏమీ లేకపోతే పాత్రను డిస్టిల్డ్ వాటర్‌తో పూర్తిగా తడపండి. మట్టి ముందే నీటితో నిండి ఉంటే మరక ఇంకా లోపలికి పోదు. తర్వాత 3 నుంచి 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో దూది తడిపి మరక మీద పరిచి, పైన వంటింటి ప్లాస్టిక్ పొర చుట్టండి. చేతికి తొడుగులు వేసుకోవాలి. కొన్ని గంటలకోసారి దూది మార్చుతూ ఒకటి రెండు రోజులు. దూది ఎండిపోనివ్వకండి, ఎండితే మరక అంచున గట్టి గీత కడుతుంది. ఆఖరున డిస్టిల్డ్ వాటర్ రెండు మూడు సార్లు మార్చి కడిగి, ఎండ తగలని గాలిలో కనీసం రెండు వారాలు ఆరనివ్వాలి. ఆరేటప్పుడు మరక మళ్లీ పైకి రావడం మామూలే, లోపలిది బయటకు వస్తోందన్నమాట. మరోసారి చేయవచ్చు.

తుప్పు మరకకు పెరాక్సైడ్ వాడకండి, ఇంకా ముదురుతుంది. నూనె మరక దీనికి లొంగదు. పగుళ్లలో కాస్త గోధుమ రంగు మిగిలితే వదిలేయండి. పాత ఫయాన్స్‌కి అది సహజం, దాన్ని కొత్త పళ్లెంలా తెల్లగా చేయాలనుకున్న ప్రతిసారీ పాత్రకే నష్టం.

డల్లాస్ శారద:
విరిగితే ఏ జిగురు వాడాలి? అన్నిచోట్లా పారలాయిడ్ బీ-72 అంటారు.

అతుకు పని:
ఫయాన్స్‌కి అదే సరైనది. ఎసిటోన్‌తో ఎప్పుడైనా విప్పుకోవచ్చు. విరిగిన అంచులు పీల్చుకునే మట్టి కాబట్టి ముందు 5 నుంచి 10 శాతం పలచటి ద్రావణం రాసి ఆరనివ్వాలి, లేకపోతే చిక్కటి జిగురును మట్టి తాగేసి అతుకు ఎండిపోతుంది. ముక్కలన్నీ జిగురు లేకుండా ఒకసారి పేర్చి వరస రాసుకోండి. వరస తప్పితే ఆఖరి ముక్క దూరదు. అతికాక ఇసుక తట్టలో నిలబెట్టాలి, బరువు అతుకు మీద నిలువుగా పడేలా.

అయితే మనవాళ్లకు ఒక హెచ్చరిక. బీ-72 సుమారు 40 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలెడుతుంది. డల్లాస్‌లో ఏసీ గదిలో సమస్య లేదు. మే నెలలో విజయవాడలో, రామగుండంలో ఏసీ లేని గదిలో కిటికీ పక్కన పెడితే చెవి అతుకు మెల్లగా జారుతుంది. అక్కడ అయితే బరువు మోసే అతుకులకు బీ-44 కలిపినది అడగండి, దాని మెత్తబడే స్థాయి ఎక్కువ. మార్కెట్లో దొరికే రెండు గొట్టాల ఎపాక్సీ పచ్చబడుతుంది, మట్టిలోకి దిగాక పూర్తిగా తీయలేం. ఫెవిక్విక్ లాంటివి ఈ మట్టికి పెళుసు.

మట్టి పరీక్ష:
పూలు పెట్టాలంటే: లోపల గ్లేజ్ ఉన్నా పగుళ్ల గుండా నీరు మట్టిలోకి చేరుతుంది, అడుగు అంచు నుంచి బల్ల మీదకు దిగి తెల్లటి గుండ్రం మచ్చ వేస్తుంది. మీ వాజ్ అడుగు మరకలకు కారణం కూడా అదే అయ్యుంటుంది, ఎవరో ఏళ్ల తరబడి నీళ్లు పోశారు. 11 సెం.మీ. మూతి కాబట్టి పొడవాటి స్టీలు గ్లాసు సులువుగా దూరుతుంది. గ్లాసు అడుగున మెత్తటి గుడ్డ వేసి, నీళ్లు అందులోనే పోయండి. సీసపు గ్లేజ్ కాబట్టి తాగేవి, తినేవి ఇందులో వద్దు.

సంగ్రహం హైదరాబాద్:
తెప్పించేవారికి: చెవుల ఖాళీల్లో మెత్తటి కాగితం నింపి, విడిగా చుట్టి, పెట్టెలో పెట్టె, రెండిటి మధ్య అన్నివైపులా కనీసం 5 సెం.మీ. మెత్త. వార్తాపత్రిక నేరుగా తగలకూడదు, సిరా పగుళ్లలోకి పోతుంది. కస్టమ్స్‌లో వందేళ్లు దాటిన పురావస్తువుకు శీర్షిక 9706, అలంకార సెరామిక్ వస్తువుకు 6913. 9706 రాస్తే వయసుకు ఆధార పత్రం ఉండాలి. దిగుమతి కాగితాలు పారేయకండి. వందేళ్లు దాటిన కళావస్తువును 1972 పురావస్తు చట్టం కింద దేశం బయటకు తీసుకెళ్లడం కుదరదు. రేపు పిల్లల దగ్గరకు అమెరికా పంపాలనుకుంటే ముందు పురావస్తు శాఖ కార్యాలయంలో అడగాలి.

గోదారి గాజు:
అందరికీ ధన్యవాదాలు. అమ్మేవారి దగ్గరే చూశాను. నీటి చుక్క పీల్చింది. పూరేకుల్లో వెంట్రుక గీతలున్నాయి, అంచు పట్టీ కలిసే చోట ఒక ఆకు ఇరికించి ఉంది. యూవీలో ఎడమ చెవి మొదట్లో వేరే రంగు పట్టీ, అడుగు మధ్యలో ఏమీ లేదు. ముద్ర కింద ఫ్రాన్స్ అని లేదు.

సంగ్రహం హైదరాబాద్:
చేతి చిత్రణ, కెంపేర్ హెచ్‌బీ, 20వ శతాబ్దం మొదటి సగం అనుకోండి. ఎడమ చెవి ఒకసారి విరిగి అతికింది. అమ్మేవారికి ఆ రెండు మాటలూ చెప్పి, 18వ శతాబ్దపు ధర కాకుండా చెవి అతికిన హెచ్‌బీ వాజ్ ధర అడగండి. రసీదులో కూడా తేదీ, చెవి మరమ్మతు రెండూ రాయించుకోండి.